ఎంత లోతుకు అంత లూరు

గాలానికి వాడే ఉత్తుత్తి ఎర, అంటే లూరు, కొనేటప్పుడు మనవాళ్లు మొదట రంగు చూస్తారు. తర్వాత ధర, ఆ తర్వాత కంపెనీ పేరు. అది ఎన్ని అడుగుల నీళ్లలో ఈదుతుందో అడిగేవాళ్లు తక్కువ. అందుకే సికింద్రాబాద్‌లో గాలం సరదా ఉన్నవాళ్ల డబ్బా తెరిస్తే పదిహేను అడుగులకు దిగే పెద్ద మూతి లూర్లు బోలెడు కనిపిస్తాయి. మన చెరువుల్లోని మూడు నాలుగు అడుగుల నీళ్లకు పనికొచ్చేవి మాత్రం ఒకటో రెండో ఉంటాయి.

హార్డ్ లూరంటే చెక్కతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన చేపబొమ్మ. లౌరి రపాలా అనే ఫిన్లాండ్ జాలరి 1936లో కార్కు చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, ఫొటో నెగటివ్‌లు కరిగించి పూత పూసి తన మొదటి లూరు చేసుకున్నాడు. దెబ్బతిన్న చిన్న చేపలా తూలుతూ ఈదడమే దాని గొప్ప. ఆయన వేసింది చల్లటి పెద్ద సరస్సులో. మనం వేసేది పూడిక పట్టిన చెరువులో, అదీ మన రాష్ట్ర చేప కొర్రమీను కోసం. కాబట్టి ఆయన దేశపు కేటలాగు చూసి మనం కొంటే కుదరదు.

1. ముందు చెరువు ఒడ్డున ఓ చుట్టు తిరగండి. మన చెరువులన్నీ దాదాపు ఒకే పోలిక. ఒక పక్క ఎత్తైన కట్ట, ఎదురు పక్క మెల్లగా పైకి లేచే నేల. తూము దగ్గరా, కట్ట పొడుగునా లోతు ఎక్కువ. వాగు వచ్చి కలిసే వైపు, శిఖం భూముల్లో, మోకాలి నుంచి నడుము దాకా నీళ్లు. అలుగు దగ్గర నీళ్లు పారుతున్నన్నాళ్లూ చిన్న చేపలు గుంపు కడతాయి, వాటికోసం పెద్దవీ వస్తాయి. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో చాలా చెరువుల పూడిక మట్టిని పొలాలకు తోలారు. ఆ తవ్విన చోట్ల గుంతలు మిగిలాయి. చుట్టూ రెండడుగుల నీళ్లున్నా గుంతలో అయిదారు అడుగులుంటాయి. ఎండాకాలంలో చేప చేరేది అక్కడికే. ఎక్కడ తవ్వారో ఆ ఊరి రైతుల్ని అడిగితే వేలుపెట్టి చూపిస్తారు.

 

2. లోతు కొలవడానికి యంత్రం అక్కర్లేదు. పాతకాలపు బెండు చాలు. దారం చివర సీసపు గుండు కట్టి, మూడడుగుల పైన బెండు బిగించి విసరండి. బెండు నిటారుగా నిలబడితే సీసం నీళ్లలో వేలాడుతోందన్నమాట, లోతు మూడడుగులకు మించి ఉంది. బెండును ఇంకో అడుగు పైకి జరిపి మళ్లీ వేయండి. ఎప్పుడైతే బెండు నీళ్లమీద అడ్డంగా పడుకుందో అప్పుడు సీసం నేలను తాకినట్టు. కట్ట మీద నాలుగైదు చోట్ల ఇలా చూసి ఒక కాగితం మీద గీసుకుంటే ఆ సీజనంతా అక్కరకొస్తుంది. గుండును లాగి చూస్తే అడుగు సంగతీ తెలుస్తుంది. జారుతూ బరువుగా వస్తే బురద, టకటకమంటూ వస్తే రాయి.

3. మే నెలలో ఫొటోలు తీసి పెట్టుకోండి. నీళ్లు తగ్గినప్పుడు బయటపడే బండలు, మొద్దులు, పాత బాటలు వానాకాలంలో నీటి అడుగున ఉండే చేపల అడ్డాలు. జలాశయాలకైతే ఇంకా మంచి ఆధారం పేపర్లో రోజూ వచ్చే నీటిమట్టం. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు. ఎండాకాలంలో 510 దగ్గరికి పడిపోయిన ఏళ్లున్నాయి. అంటే వేసవిలో మీరు నిలబడి చూసిన బండ ఆగస్టుకల్లా ఎనభై అడుగుల కింద ఉండొచ్చు. మట్టం 550 ఉన్న రోజు నీటి అంచున కనిపించిన మొద్దు, మట్టం 556కి చేరితే ఆరడుగుల కింద ఉన్నట్టే. ఆ తీసివేత చేసుకునే లూరు తీయాలి. చెరువుకైతే తూము రాళ్లలో ఒకదాన్ని గుర్తు పెట్టుకున్నా సరిపోతుంది.

4. డబ్బా మీది అక్షరాలు చదవండి. ఎఫ్ అంటే తేలేది, ఎస్ అంటే మునిగేది, ఎస్‌పీ అంటే ఆపిన చోటే నిలిచేది. జపాన్ రకాల మీద ఎస్‌ఎస్‌ఆర్, ఎస్‌ఆర్, ఎంఆర్, డీఆర్ అని ఉంటుంది. ఇవి వరసగా నీటి పైపొర నుంచి లోతుకు వెళ్లేవి. రపాలా డీటీ రకంలో పక్కనున్న అంకె అడుగుల్లో లోతు చెబుతుంది. డీటీ 6 ఆరడుగులు, డీటీ 16 పదహారు. అయితే ఆ లోతు రావాలంటే సన్నటి దారంతో దూరంగా విసరాలి. పొట్టి రాడ్డుతో, లావు దారంతో దగ్గరగా విసిరితే రాసిన అంకెలో మూడో వంతు తీసేసి లెక్క వేసుకోండి.

5. డబ్బా లేకపోతే మూతి చూడండి. లూరు మూతి దగ్గరున్న పలక చిన్నదై, కిందికి నిటారుగా వంగి ఉంటే అది పైపైన ఈదేది. పలక పొడుగ్గా, వెడల్పుగా, ఒంటికి సమాంతరంగా ముందుకు చాచి ఉంటే లోతుకు దూకేది. అసలు పలకే లేకపోతే నీటిమీద ఆడేదైనా కావాలి, మునిగేదైనా కావాలి. బకెట్లో వేస్తే ఏదో తెలిసిపోతుంది.

6. మోకాలి లోతు నుంచి మూడడుగుల దాకా నీటిమీద ఆడే లూర్లే వాడండి. మన చుట్టుపక్కల చెరువుల్లో ఎక్కువ పని వీటిదే. పాపర్‌కు మూతి దగ్గర గిన్నెలా గుంట ఉంటుంది, లాగితే 'బుళక్' మంటుంది. పెన్సిల్ రకం రాడ్డు కొసతో చిన్న చిన్న కుదుపులిస్తే ఎడమా కుడీ తిరుగుతూ వస్తుంది. వెనక రెక్క తిరిగేవి చిటపటలాడతాయి. గాలి లేని తెల్లవారుజామున పెన్సిల్ బాగుంటుంది. నీళ్లమీద అలలుంటే పాపర్ చప్పుడే వినిపిస్తుంది.

కొర్రమీను గాలి పీల్చే చేప. కొంచెంసేపటికోసారి పైకొచ్చి నోరు తెరిచి గుక్కెడు గాలి మింగి దిగిపోతుంది. నీటిమీద ఒక్క గుండ్రటి అల, దాని మధ్య ఒకటి రెండు బుడగలు, అంతే కనిపిస్తుంది. లూరును ఆ అల మీద వేస్తే బెదిరిపోతుంది. రెండు మూడు గజాలు అవతల వేసి అటుగా లాక్కురండి. పైన నీళ్లు చెదిరిన వెంటనే రాడ్డు గుంజకండి. బరువు చేతికి తెలిశాకే గుంజాలి. కళ్లతో చూసి గుంజినవాడి చేతికి ఉత్త లూరే వస్తుంది.

వానాకాలంలో ఒకచోట నీళ్లు ఎర్రగా మరుగుతున్నట్టు కనిపిస్తే అది కొర్రమీను పిల్లల గుంపు. కిందనే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. దగ్గరికొచ్చిన దేన్నైనా కసిగా కొడతాయి కాబట్టి పట్టడం తేలిక. పట్టకండి. కాపలా పోయిన పిల్లల్ని మిగతా చేపలు ఖాళీ చేస్తాయి.

7. మూడు నుంచి ఆరడుగులకు సన్నటి మినో రకం, చిన్న మూతి ఉన్న పొట్టి, బొద్దు క్రాంక్ రకం సరిపోతాయి. తేలే మినోను రెండు కుదుపులిచ్చి ఆపితే మెల్లగా పైకి లేస్తుంది. దెబ్బ ఎక్కువగా ఆ ఆగిన క్షణంలోనే పడుతుంది. ఆపిన చోటే నిలిచే ఎస్‌పీ రకం ఖరీదెక్కువ, మన వేసవికి దాని మీద అంత పెట్టనక్కర్లేదు. వేడి నీళ్లు పలుచన. చల్లటి నీళ్లకు తూచి చేసిన ఎస్‌పీ లూరు మే నెల చెరువులో నిలవకుండా మెల్లగా దిగిపోతుంది.

8. ఆరు నుంచి పన్నెండు అడుగులు అంటే చెరువుల్లో కట్ట పక్క, తూము దగ్గర. ఇక్కడ లూరుతో పాటు నిలబడే తీరూ ముఖ్యమే. కట్ట మీద నిలబడి ఎదురుగా చెరువు నడుమకు విసిరితే, లూరు లోతుకు దిగేసరికి కట్ట వాలు ఎదురొచ్చి మూతి రాళ్లలో ఇరుక్కుంటుంది. దానికి బదులు కట్ట వెంబడే, ఒడ్డుకు సమాంతరంగా విసరండి. లూరు దారి పొడుగునా ఒకే లోతులో వస్తుంది. ఏ లూరైనా పూర్తి లోతులో ఉండేది మధ్య దారిలోనే. మొదట దిగడానికి కొంత, చివర లేవడానికి కొంత పోతుంది.

అడుగున రాయి ఉంటే లోతుకంటే ఒకటి రెండు అడుగులు ఎక్కువ దిగే లూరు తీసుకోండి. పెద్ద పలక ముందు రాయిని తాకి పక్కకు దూకుతుంది, గాలాలు వెనకే భద్రంగా వస్తాయి. ఆ దూకుడుకే చేప కొడుతుంది. బురద అడుగైతే ఈ పని చేయొద్దు, నాచు మూటగట్టుకొస్తుంది. తుమ్మ మొద్దులుంటే అసలే వద్దు.

ఇరుక్కుంటే గుంజకండి. దారం వదులు చేసి పది లెక్కపెట్టండి. తేలే లూరైతే తనంతట తానే వెనక్కి లేచి విడిపోతుంది. రాళ్లలో తేలే రకమే వాడమనేది ఇందుకే.

9. పన్నెండు అడుగులు దాటితే ఒడ్డు నుంచి మూతి లూర్లతో పెద్దగా పని జరగదు. సాగర్‌లాంటి జలాశయాల్లో పడవ వెనక లాగడానికి అవి బాగుంటాయి. ఒడ్డునుంచైతే మునిగే రకం, పలక లేకుండా గలగలమనే లిప్‌లెస్ రకం నయం. రపాలా కౌంట్‌డౌన్ లాంటివి సెకనుకు సుమారు అడుగు చొప్పున దిగుతాయి. పడ్డాక ఎనిమిది లెక్కపెట్టి తిప్పితే ఎనిమిది అడుగుల్లో వస్తుంది. ఈసారి పన్నెండు, తర్వాత పదిహేను. చేప తగిలిన అంకె గుర్తుంచుకుంటే చాలు. వాలుగ, జెల్ల ఇలాగే దొరుకుతాయి. వాలుగ పళ్లకు తట్టుకునేలా చివర ఒక జానెడు స్టీలు తీగ కట్టుకోండి.

10. దారం మారితే లోతు మారుతుంది. అదే బలానికి బ్రెయిడ్ దారం తంగూసు కంటే చాలా సన్నం. నీళ్లను తక్కువ కోస్తుంది కాబట్టి లూరు ఇంకో అడుగో రెండడుగులో ఎక్కువ దిగుతుంది. రాడ్డు కొసను నీళ్లకు తాకేంత కిందికి దించినా ఇంకొంచెం దిగుతుంది. ఫ్లోరోకార్బన్ బరువైన దారం, నీటిమీద ఆడే లూరు ముక్కును కిందికి గుంజుతుంది. దానికి తంగూసే మేలు.

11. కొత్త లూరును ఇంట్లోనే బకెట్లో పరీక్షించండి. గాలాలు, రింగులు, మీరు కట్టే దారం ముక్క అన్నీ తగిలించాకే వేయాలి, ఎందుకంటే గాలం మారితే తేలే తీరు మారుతుంది. తేలే మినోను ఇంకొంచెం కిందికి దించాలంటే రేడియో రిపేర్ చేసేవాళ్లు వాడే సోల్డర్ తీగను ముందు గాలం కాడకు రెండు మూడు చుట్లు చుట్టండి. చుట్టు చుట్టుకూ బకెట్లో చూసుకోండి. మే నెల మధ్యాహ్నం ట్యాంకు నీళ్లతో మాత్రం ఈ పరీక్ష చేయకండి, చెరువు కంటే అవే వేడిగా ఉంటాయి.

12. లూరు ఒక పక్కకు ఒరిగి వస్తుంటే రాసిన లోతుకు దిగదు. మీ వైపు వస్తూ ఎడమకు పోతుంటే దారం కట్టే కొక్కాన్ని శ్రావణంతో వెంట్రుకవాసి కుడికి వంచండి. కుడికి పోతుంటే ఎడమకు. ఎక్కువ వంచితే విరుగుతుంది.

13. రంగు సంగతి రెండు ముక్కల్లో. వాన తర్వాత నీళ్లు బురదగా ఉంటే పచ్చపసుపు, గలగల. నీళ్లు తేటగా ఉంటే పరక పిల్లల వెండి రంగు. లోతుకు వెళ్లే కొద్దీ ముందుగా మాయమయ్యేది ఎరుపే, కాబట్టి లోతు లూరుకు ఎర్ర రంగుకోసం వెతకనక్కర్లేదు.

14. గుర్రపుడెక్క, తూటికాడ అల్లుకున్న చోట హార్డ్ లూరు డబ్బాలోంచి తీయకండి. మూడు కొక్కేల గాలం చెత్తనే పడుతుంది. అక్కడ రబ్బరు కప్ప లూరుదే రాజ్యం.

15. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నాలుగు చాలు: ఒక పాపర్, ఒక పెన్సిల్, మూడు నాలుగు అడుగులకు దిగే తేలే మినో, ఆరేడు అడుగుల క్రాంక్. పదహారు అడుగుల లూరు సాగర్ ప్రయాణం ఖాయమయ్యాక కొనొచ్చు.

16. వేసే ముందు అడగండి. చెరువుల్లో చేపల హక్కు మామూలుగా ఆ ఊరి మత్స్య సహకార సంఘానిది. వాళ్లు సరేనంటేనే వేయాలి. మంజీర అభయారణ్యంలో వేయడానికి లేదు, అక్కడ మొసళ్లూ ఉన్నాయి. హుస్సేన్‌సాగర్ చేప తినడానికి పనికిరాదు.

ఇరుక్కున్న లూరు కోసం నీళ్లలోకి దిగకండి, ముఖ్యంగా కొత్త జలాశయాల్లో. రాతి వాలు ఒడ్డు నుంచి రెండడుగులేస్తే కాలికి నేల అందదు. 2025 జనవరిలో కొండపోచమ్మ సాగర్‌లో నీళ్లలోకి దిగిన అయిదుగురు హైదరాబాద్ కుర్రాళ్లు మునిగిపోయారు. లూరు ఎంత ఖరీదైనదైనా దారం కోసేయండి.

17. గాలాల ముల్లును శ్రావణంతో నొక్కి చదును చేసుకోండి. చేప కొంచెం జారొచ్చు గానీ, వేలికి గుచ్చుకుంటే సులువుగా వస్తుంది. ముల్లున్న గాలం లోతుగా దిగినా, కంటి దగ్గర గుచ్చుకున్నా ముట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతీ అడగండి.

18. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, ఆరాకే డబ్బాలో పెట్టండి. మందు సీసాల్లో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే చెమ్మ పీల్చే పొట్లం ఒకటి అందులో వేస్తే గాలాలు తుప్పు పట్టవు. రంగు లేచిన చోట రంగులేని గోళ్ల పాలిష్ ఒక పూత వేయండి. రబ్బరు కప్పల్ని వీటితో కలిపి పెట్టొద్దు, రెండూ కరిగి అతుక్కుపోతాయి. డబ్బాను ఎండాకాలం స్కూటర్ డిక్కీలో వదిలేయకండి. లోపలి గాలి వేడికి ఉబ్బి లూరు అతుకులు విడిపోతాయి, ఆ సందులోంచి నీళ్లు ఎక్కితే తేలే లూరు కాస్తా మునిగే లూరవుతుంది.