ధ్వనికి దారి

శబ్దం తీగలో ప్రయాణించదు. దాని ప్రతిరూపమైన విద్యుత్ సంకేతమే ప్రయాణిస్తుంది. ఆ సంకేతాన్ని ఒక పరికరం నుండి మరొకదానికి అందించే సంధిస్థానమే ప్లగ్గు, జాక్‌ల కలయిక. 19వ శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో ఆపరేటర్లు సంభాషణలను కలపడానికి వాడిన ప్లగ్గే నేటి 3.5 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోన్ ప్లగ్గుకు మూలం.

సాధారణ స్టీరియో ప్లగ్గుపై విద్యుత్తును ప్రసరింపనీయని రెండు సన్నని వలయాలుంటాయి. అవి లోహభాగాన్ని మూడుగా విభజిస్తాయి. కొన ఎడమ చెవికి, నడిమి భాగం కుడి చెవికి సంకేతాన్ని అందిస్తాయి. మొదలు రెండింటికీ ఉమ్మడి తిరుగుదారి. జాక్‌లోని లోహపు పట్టీలు ఈ మూడింటినీ వేర్వేరుగా తాకుతాయి. ఉమ్మడి దారి తెగితే రెండు సంకేతాల భేదం మాత్రమే వినబడుతుంది; రెండింటిలోనూ సమానంగా ఉన్న గాయకుని కంఠం క్షీణిస్తుంది. అందుచేత ప్లగ్గును మొదలంటా చొప్పించాలి.