పాఠ్యాంశం: ఫైలు పంపడానికి ఏ సాకెట్ లైబ్రరీ?

ఈ పాఠ్యాంశం చదివిన తరువాత మీరు తగిన సాకెట్ లైబ్రరీని ఎంచుకోగలుగుతారు; ఫైలు పూర్తిగా చేరిందో లేదో సరిచూడగలుగుతారు.

బెల్తరాలోని ఒక అభ్యాసకురాలు 20,000 బైట్ల ధ్రువపత్రాన్ని బిలాస్‌పూర్‌లోని కంప్యూటరుకు పంపాలనుకుందాం. సగమే చేరితే అది తెరుచుకోకపోవచ్చు; దరఖాస్తు గడువు దాటిపోవచ్చు.

నెట్‌వర్కులో రెండు ప్రోగ్రాములు సమాచారం ఇచ్చిపుచ్చుకొనే ద్వారమే సాకెట్. మొదట నేర్చుకొనేవారికి పైథాన్‌తోపాటే వచ్చే ‘సాకెట్’ లైబ్రరీ చాలు; విడిగా ఏదీ తెచ్చుకోనక్కరలేదు. అందులో టీసీపీని ఎంచుకోండి. యూడీపీలో కొన్ని ముక్కలు దారిలో పోవచ్చు, వరుస మారవచ్చు. టీసీపీ బైట్లను వరుస తప్పకుండా అందిస్తుంది.

అయితే ఒకేసారి పంపినదంతా ఒకేసారి చేరకపోవచ్చు. రైల్వే గూడ్సు షెడ్డులో బస్తాలు విడతలుగా దిగితే గుమాస్తా రసీదులోని లెక్కతో సరిచూస్తాడు కదా! మీ ప్రోగ్రాము కూడా ముందుగా ఫైలు పరిమాణాన్ని పంపాలి. అందుకొనే ప్రోగ్రాము ఆ లెక్క పూర్తయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చదవాలి. మధ్యలో సంబంధం తెగితే ఆ ఫైలును అసంపూర్ణమైనదిగా గుర్తించాలి.

గమనిక: మామూలు సాకెట్ సమాచారాన్ని రహస్యంగా ఉంచదు. అభ్యాసానికి వ్యక్తిగత పత్రాలు వాడకండి. ఇంటర్నెట్‌లో వాటిని పంపడానికి టీఎల్‌ఎస్ రక్షణ అవసరం.

పాఠగత ప్రశ్న: పై ఫైలులో 8,192 బైట్ల చొప్పున రెండు విడతలు చేరాయి. ఇంకా ఎన్ని బైట్లు రావాలి?

జవాబు: 3,616.