రాష్ట్రపతి స్కౌటు పదవి: దరఖాస్తునకు బాలుని సిద్ధపఱచుట

బాలభటుల సోపానములలో కట్టకడపటిది రాష్ట్రపతి స్కౌటు పదవి. బాలికలకు రాష్ట్రపతి గైడు పదవి దానికి సాటియైనది. కట్టంగూరు పరిసర గ్రామములనుండి ఉన్నత పాఠశాలకు వచ్చు బాలబాలికలు ఈ పదవికి దరఖాస్తు నెట్లు సిద్ధపఱచుకొనవలయునో, ఇంటి పెద్దలును ఉపాధ్యాయులును అందెంతవఱకు తోడ్పడవచ్చునో, ఎచ్చట తమ చేయి వెనుకకు దీసికొనవలయునో తెలుపుటకై ఈ పాఠమును వ్రాయుచున్నాము. ఇందలి సారమును మొదటనే చెప్పుదుము. ఈ దరఖాస్తు కడపటి దినమున కలము పట్టి నింపెడు కాగితము కాదు. ఏండ్లతరబడి బాలుడు తన చేతులతో చేసిన పనుల పద్దు. పద్దు నిజమైనచో దరఖాస్తు సులభముగ సిద్ధమగును. అది కల్లయైనచో ఎంత చక్కని దస్తూరియు దానిని నిలుపజాలదు.

పూర్వచరిత్ర

ఆంగ్ల సేనానియగు బేడెన్ పవెల్ 1907వ సంవత్సరము ఆగస్టు నెలలో బ్రౌన్‌సీ యను చిన్న ద్వీపమున సుమారు ఇరువదిమంది బాలురతో శిబిరము నడపెను. కలిమిగల యిండ్ల బిడ్డలును కాయకష్టము చేయువారి బిడ్డలును అందు కలసి మెలసి యుండిరి. మఱుసటి యేట ఆయన గ్రంథము వెలువడెను. ఉద్యమము దేశదేశముల వ్యాపించెను. 1909లో మన దేశమున బెంగుళూరు నగరమున మొదటి దళ మేర్పడెను. కాని తొలినాళ్ళలో ఈ దళములు ఐరోపీయుల బిడ్డలకును ఆంగ్లో ఇండియనుల బిడ్డలకును మాత్రమే. భారతీయ బాలురకు ప్రవేశము లేకుండెను. ఈ లోపమును దీర్ప 1916లో అనీ బిసెంటమ్మగారు మద్రాసున భారతీయ బాలురకై ప్రత్యేక సంఘమును నెలకొల్పిరి. 1918లో మదనమోహన మాలవ్యా, హృదయనాథ కుంజ్రూ, శ్రీరామ బాజపేయి గారలు ప్రయాగలో సేవాసమితి బాలభట సంఘమును స్థాపించిరి.

స్వాతంత్ర్యానంతరము వేర్వేరు సంఘములు కలసి 1950వ సంవత్సరము నవంబరు 7వ తేదీన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థగా నేర్పడెను. 1951 ఆగస్టు 15న బాలికల గైడు సంఘమును అందు చేరెను. ఆ సంస్థయొక్క ప్రథమ జాతీయ జంబోరీ 1953లో మన హైదరాబాదు నగరముననే జరిగెను. ఆంగ్లేయుల కాలమున అత్యున్నత పదవి రాజు పేర నుండెను. గణతంత్రమునందు అది రాష్ట్రపతి పేర వెలసినది. ఒకప్పుడు మన బిడ్డలకు మూయబడిన తలుపు పెద్దల కృషిచేత తెఱవబడినదని యెఱిగినవాడు ఈ పదవిని తేలికగా జూడడు.

సోపానములును కాలగణనమును

ప్రవేశము, ప్రథమ సోపానము, ద్వితీయ సోపానము, తృతీయ సోపానము, రాజ్యపురస్కారము, రాష్ట్రపతి పురస్కారము అని మెట్లు ఆఱు. మొదటి మెట్ల పరీక్షలు దళములోను జిల్లాలోను జరుగును. రాజ్యపురస్కారమును రాష్ట్ర సంఘమును, రాష్ట్రపతి పురస్కారమును జాతీయ కార్యాలయమును పరీక్షించును. ఒక మెట్టునకును మఱియొక మెట్టునకును నడుమ ఇన్ని నెలలు పని చేయవలయునని నియమము గలదు. ఈ గడువులను గూడినచో ఆరంభమునుండి శిఖరమువఱకు సుమారు నాలుగేండ్లు పట్టును.

ఇచ్చట లెక్క వేసి చూడుడు. ఆఱవ తరగతిలో, పదునొకండేండ్ల ప్రాయమున దళమున జేరినవాడు పదవ తరగతిలో నుండగనే శిఖరము నందుకొనగలడు. ఎనిమిదవ తరగతిలో జేరినవాడు నడుమ ఒక్క శిబిరమైనను తప్పకుండ నడచినను, ఉన్నత పాఠశాలను విడచిన పిమ్మటనే గమ్యము చేరవలయును. స్కౌటుల శాఖకు వయఃపరిమితి గలదు గనుక, తొమ్మిదవ తరగతిలో మేల్కొన్నవానికి తెలివి యెంత యున్నను కాలము చాలదు. అమెరికాదేశమునను ఇట్టిదే నియమము. అచ్చటి అత్యున్నత పదవియగు ఈగిల్ స్కౌటు పదవిని మొదటిబాలుడు 1912లో పొందెను. నేడు దానికి ఇరువదియొక్క నైపుణ్య చిహ్నములును, బాలుడు తానే ముందుండి నడపిన ఒక సేవాకార్యమును కావలయును. ఇవి యన్నియు పదునెనిమిదవ పుట్టిననాటికి ముందే ముగియవలయును. ఏ దేశమునందైనను ఈ పదవికి మొదటి శత్రువు ఆలస్యము.

కావున పెద్దలు చేయదగిన మొదటి సాయము పంచాంగమును జూచుట. పరీక్షా శిబిరముల తేదీలను తెలిసికొని గోడమీద వ్రాసి యుంచవలయును. మన ప్రాంతమున పత్తితీత కాలమున ఇంటిల్లిపాదియు చేలలో నుండును. బాలుని చేతులును కావలసివచ్చును. శిబిర మా దినములలోనే పడినచో ముందుగనే పని సర్దుకొని బాలుని పంపుట గొప్ప సాయము. ఆ మూడు నాలుగు దినములు పోయినచో ఒక సంవత్సరమే పోవచ్చును.

నేర్వవలసిన పనులు

పరీక్షకులు అడుగు విద్యలు పుస్తకములకొఱకు పుట్టినవి కావు. బొలైన్ ముడి యొకటి గలదు. దాని ఉచ్చు బరువు పడినను బిగిసిపోదు. కావున బావిలో బడినవానిని చంకల క్రిందుగా గట్టి పైకి లాగుట కది తగినది. వ్యవసాయపు బావులు పొలము పొలమున నున్న మన మెట్టసీమలో ఈ ముడి యెఱుగుట ప్రాణదానముతో సమానము. రీఫ్ ముడి చదునుగా నుండును. గాయమునకు గట్టిన కట్టుమీద నది ఒత్తుకొనదు.

పాముకాటునకు ప్రథమ చికిత్స తప్పక నేర్వవలయును. కాటును కోయరాదు, నోట పీల్చరాదు, త్రాడుతో బిగించి కట్టరాదు. కఱవబడినవానికి ధైర్యము చెప్పి, కదలనీయక, విషమునకు విరుగుడు మందు గల వైద్యశాలకు వెంటనే చేర్పవలయును. హైదరాబాదు నుండి విజయవాడకు బోవు 65వ జాతీయ రహదారి కట్టంగూరు మీదుగ సాగుచున్నది. దారిప్రమాదమున నెత్తురు కారుచున్నచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగ నొక్కిపట్టుట, మెడకు దెబ్బ తగిలినదని తోచినచో ఊరక కదల్పకుండుట, 2005లో మన రాష్ట్రమున ఆరంభమైన 108 బండికి కబురు చేయుట ప్రతి బాలభటునకును వచ్చియుండవలయును.

సేవాకార్యమునకు నల్లగొండ జిల్లాలో వెదుకబని లేదు. మన నేలలోని నీటియందలి ఫ్లోరైడు పండ్లను మచ్చపఱచి ఎముకలను వంచినది. లీటరు నీటిలో నది 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. కాచినంతమాత్రమున నది పోదు. నీరు ఇంకినకొలది దాని పాలు హెచ్చును. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి, తేర్చి, వడకట్టి దానిని తగ్గించు పద్ధతిని నాగపురములోని జాతీయ పరిశోధనాలయమువారు 1970 దశకమున రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతి యనియే పేరు. తన వాడలోని ఏ బోరునీరు పరీక్షింపబడినది, ఏది త్రాగదగదు అని విచారించి ఇంటింట తెలుపు బాలుడు నిజమైన సేవ చేసినవాడగును.

పద్దు పుస్తకము

చేసిన పనిని నాడే వ్రాయవలయును. "గ్రామసేవ చేసితిని" అని వ్రాసిన పంక్తి ఏమియు చెప్పదు. "చేతిపంపు చుట్టు నిలిచిన మురుగునీటికి కాలువ త్రవ్వితిమి. ఐదుగురము, రెండు గంటలు. గడ్డపార ఒకటి, పారలు రెండు. మఱునాడు వాన గురిసినను నీరు నిలువలేదు" అని వ్రాసినచో చదువువాడు ఆ పనిని కన్నులార జూచును. తప్పిన పనినిగూడ వ్రాయవలయును. గుడారము గాలికి బడిపోయెనని వ్రాసి, ఏల పడిపోయెనో వ్రాసిన బాలుడు రెండవ మాఱు మేకులను గట్టిగ పాతును.

దరఖాస్తునకు కావలసిన వివరములు ముఖ్యముగ నివి: బాలుని పేరు, పుట్టినతేదీ, ప్రతిజ్ఞ చేసిన దినము, ఒక్కొక్క సోపానము ముగిసిన తేదీ, ధ్రువపత్రముల సంఖ్యలు, నైపుణ్య చిహ్నములు, శిబిరముల వివరము, సేవావివరము, స్కౌటు మాస్టరుగారి సిఫారసు. ఇందు పేరును తేదీయు చిన్నవిగా దోచును గాని చిక్కు లచ్చటనే పుట్టును. బడి రిజిస్టరులో ఇంటిపేరు ముందు, ఆధారు చీటిలో వెనుక నుండవచ్చును. ఒకచోట పొడి యక్షరము, మఱియొకచోట పూర్తి పేరు నుండవచ్చును. పెద్దలు ఈ పత్రములను ఆఱవ తరగతిలోనే ప్రక్క ప్రక్కన బెట్టి సరిచూడవలయును. బాలుడు బడి మాఱినచో బదిలీ పత్రముతోబాటు స్కౌటు పత్రములనుగూడ తీసికొనిపోవలయును. ప్రతి పత్రమునకును నకలు ఇంట నుంచుట మేలు.

పెద్దలు చేయరానిది

రాష్ట్రపతి స్కౌటు ధ్రువపత్రము గలవారికి రైల్వేశాఖలో స్కౌటుల కోటాక్రింద కొన్ని ఉద్యోగములకు పోటీపడు అర్హత గలదు. బీదయింటి బాలునకు ఇది చిన్న మాట కాదు. దాని నాశించుట తప్పును కాదు. కాని ఈ ఆశవలననే కొందఱు పెద్దలు బాలుని పద్దును తామే వ్రాసెదరు. పోని శిబిరమునకు పోయినట్లును, నాటని మొక్కను నాటినట్లును వ్రాయించెదరు. స్కౌటు నియమములు తొమ్మిది. వానిలో మొదటిది, స్కౌటు నమ్మదగినవాడని. ఆ మొదటి నియమమును చంపి కడపటి పదవిని పొందుట యెట్లు? అదియునుగాక, పరీక్షకుడు కాగితముతో సరిపుచ్చుకొనడు. త్రాడు చేతికిచ్చి కట్టుమనును. అప్పుడు తండ్రి వ్రాసిన పద్దు బిడ్డను కాపాడజాలదు. కాపాడినను, కల్లతో గెలువవచ్చునని ఆ బిడ్డ తన యింటనే నేర్చుకొన్నవాడగును. ఉద్యోగము రాకపోవుటకంటె నది గొప్ప నష్టము.

అయినచో పెద్దలు చేయదగిన దేమి? వ్రాయుటకు మాఱుగ అడుగుట. రాత్రి భోజనవేళ ఐదు ప్రశ్న లడుగుడు: ఏ దినమున చేసితివి? ఎవరితో చేసితివి? ఎంతసేపు చేసితివి? నీవు స్వయముగ చేసినది ఏది? దానివలన ఎవరికేమి మేలు కలిగెను? బాలుడు నోట చెప్పినదానిని తానే కాగితముపై బెట్టును. అక్షరదోషము లుండిన చూపవచ్చును. వాక్యము మాత్రము వానిదిగనే యుండనిండు. చదువురాని తల్లియైనను ఈ ప్రశ్నల నడుగగలదు. కావున ఈ సాయమునకు పాండిత్యముతో పని లేదు.

అన్నియు చేసినను ఒకప్పుడు పదవి రాకపోవచ్చును. వయస్సు మీఱవచ్చును, పరీక్ష తప్పవచ్చును. అట్టి బాలుడు ఓడినవాడని మేము తలంపము. బావిలో బడినవానిని పైకి దీయ నేర్చిన చేయి పతకము లేకున్నను ఆ పని చేయగలదు. పదవి వచ్చినచో, అది యట్టి చేతికే రావలయునని మా కోరిక.

అభ్యాసము

1. నీ పుట్టినతేదీనిబట్టి నీవు ఏ తరగతిలో ఏ సోపానమున నుండవలయునో లెక్క వేయుము.

2. గడచిన వారమున నీవు చేసిన యొక సేవను ఐదు వాక్యములలో వ్రాయుము. "సేవ" అను మాటను వాడకుము.

3. బొలైన్ ముడిని కన్నులు మూసికొని కట్టి, ఇంటిలోని పెద్దలకు జూపుము.