ఇంటికి విలువ కట్టే చదువు

పులిచింతల జలాశయం కోసం మన బెల్లంకొండ మండలంలోని కొల్లూరు, పులిచింతల వంటి ఊళ్ళు ఖాళీ అయిన సంగతి ఇక్కడి పెద్దలందరికీ తెలుసు. ముంపు ఊరిలో జనం కదలక ముందే ఇంటినీ, పొలాన్నీ, చెట్టునూ కొలిచి విలువ కట్టాలి. కాగితం మీద పడిన ఆ అంకెతోనే ఆ కుటుంబం కొత్తచోట మళ్ళీ బతుకు మొదలుపెట్టాలి. ఆ అంకె ఎలా వస్తుందో, దాన్ని వేసే అర్హత ఎవరికి ఉంటుందో మనలో ఎంతమందికి తెలుసు? మన పిల్లల్లో ఒక్కరైనా ఆ చదువు చదివారా? ఈ ప్రశ్నలే ఈ వ్యాసానికి కారణం.

అంకె తప్పితే నష్టపోయేదెవరు?

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క సులువు కోసం ఊహించినవి. ఇంటి స్థలం 200 గజాలు, గజం 7,000 రూపాయలు. స్థలం విలువ 14 లక్షలు. ఇల్లు 1,000 చదరపు అడుగులు. ఈరోజు అలాంటిదే కొత్తగా కట్టాలంటే అడుగుకు 1,500 చొప్పున 15 లక్షలు అవుతుంది. ఇంటి ఆయుష్షు 60 ఏళ్ళు అనుకుంటే, కట్టి 20 ఏళ్ళయింది కనుక మూడో వంతు, అంటే 5 లక్షలు, తరుగుదల కింద తీసేయాలి. మిగిలింది 10 లక్షలు. స్థలంతో కలిపి ఆస్తి విలువ 24 లక్షలు.

ఇంటి యజమాని కాలం చేశాడు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. అప్పులు, వసీయత్ తీర్చిన తర్వాత షరియత్ ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు, అంటే 3 లక్షలు. మిగిలిన 21 లక్షల్లో కొడుకుకు 14, కూతురుకు 7 లక్షలు. కొడుకు ఇల్లు ఉంచుకుని, తల్లికి, చెల్లెలికి డబ్బు ఇస్తానన్నాడు. అయితే ఎవరో పాత దస్తావేజులోని ధర చూసి ఇల్లు 12 లక్షలే అన్నారు. అప్పుడు తల్లికి లక్షన్నర, చెల్లెలికి మూడున్నర లక్షలే అందుతాయి. వాటాల లెక్కలో తప్పేమీ లేదు. తప్పు విలువలో ఉంది. ఆ ఒక్క తప్పుతో ఇద్దరు ఆడవాళ్ళు 5 లక్షలు పోగొట్టుకున్నారు.

బ్యాంకు అప్పు, వేలం, భూసేకరణ, కుటుంబ పంపకం, అన్నింటికీ మూలం ఈ అంకెే. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 భూసేకరణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం భవనాల విలువకు ఇంజనీరు లేదా తగిన నిపుణుడి సేవలు తీసుకోవచ్చు. పరిహారం సరిపోలేదనుకున్న యజమాని 64వ సెక్షన్ కింద, గడువులోగా, తన అభ్యంతరాన్ని పై అథారిటీకి పంపమని కలెక్టరును కోరవచ్చు. నోటి మాట కన్నా లెక్కతో కూడిన నివేదిక చేతిలో ఉంటే ఆ అభ్యంతరానికి బలం వస్తుంది.

ఏ చదువు కావాలి?

మన దేశంలో ఆస్తుల విలువ కట్టేవారికి ముఖ్యంగా రెండు రకాల రిజిస్ట్రేషన్లు ఉన్నాయి.

మొదటిది కంపెనీల చట్టం 247వ సెక్షన్ కింద, 2017 నాటి నియమాల ప్రకారం వచ్చేది. దీన్ని ఇచ్చేది ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్టసీ బోర్డు. 'భూమి, భవనాలు' విభాగానికి సివిల్ ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ లేదా టౌన్ ప్లానింగ్‌లో డిగ్రీ ఉండాలి. డిగ్రీ తర్వాత అదే రంగంలో 5 ఏళ్ళ అనుభవం కావాలి. పోస్టు గ్రాడ్యుయేషన్ చేసినవారికి 3 ఏళ్ళు చాలు. ఆపైన గుర్తింపు పొందిన వాల్యుయర్ల సంస్థలో చేరి, 50 గంటల కోర్సు పూర్తిచేసి, బోర్డు పెట్టే కంప్యూటర్ పరీక్షలో 60 శాతం మార్కులు తెచ్చుకోవాలి. పరీక్షలో లెక్కలతోపాటు చట్టాలు, వృత్తి నీతి కూడా ఉంటాయి.

రెండోది 1957 సంపద పన్ను చట్టం 34ఏబీ సెక్షన్ కింద ఆదాయపు పన్ను శాఖ దగ్గర చేసుకునే నమోదు. ఇక్కడ సాధారణంగా డిగ్రీ తర్వాత 10 ఏళ్ళ అనుభవం అడుగుతారు. సంపద పన్ను రద్దయినా ఈ నమోదుకు ప్రాధాన్యం పోలేదు. తాకట్టు ఆస్తిని వేలం వేసే ముందు బ్యాంకు ఎవరి చేత విలువ కట్టించాలో చెప్పే 2002 నియమాలు ఈ నమోదునే ఆధారంగా తీసుకున్నాయి.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ చిన్న ఇళ్ళకు విలువ కట్టే తొలి స్థాయి లైసెన్సుకు జాతీయ కనీస ప్రమాణం కోర్సు, అనుభవజ్ఞుడి దగ్గర 1,000 గంటల పని, పరీక్ష. కాలేజీ డిగ్రీ తప్పనిసరి కాదు. పెద్ద వాణిజ్య భవనాల స్థాయికి మాత్రం డిగ్రీ కావాలి. అక్కడున్న బంధువుల మాట విని ఇక్కడ కూడా డిగ్రీ అక్కర్లేదనుకుంటే పొరపాటు.

పదో తరగతి నుంచి దారి

పదో తరగతి పాసైన పిల్లలకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి: ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) రాసి బీటెక్ సివిల్. రెండోది: పాలిసెట్ రాసి మూడేళ్ళ సివిల్ డిప్లొమా, తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరం. రెండు దారుల్లోనూ పదో తరగతి తర్వాత ఆరేళ్ళలో డిగ్రీ చేతికి వస్తుంది. డిప్లొమా దగ్గర ఆగితే సైటు సూపర్‌వైజర్ పని దొరకవచ్చు గానీ, ఈ రిజిస్ట్రేషన్‌కు అది సరిపోదు. ఆర్కిటెక్చర్, ప్లానింగ్ మీద ఇష్టం ఉన్నవారికి విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ దగ్గరలోనే ఉంది. అక్కడి ప్రవేశాలు జేఈఈ మెయిన్‌లోని రెండో పేపరు ద్వారా జరుగుతాయి.

పదిహేనేళ్ళకు పదో తరగతి పూర్తయితే, ఇరవై ఒకటికి డిగ్రీ, ఇరవై ఆరుకు అనుభవం. ఆ తర్వాతే కోర్సు, పరీక్ష. ఇది ఓపిక కావలసిన దారి. అందుకే "50 గంటల్లో వాల్యుయర్ అయిపోవచ్చు" అని ఎవరైనా ఫీజు అడిగితే, ముందు డిగ్రీ, అనుభవం సంగతి అడగండి. ఆ 50 గంటలు చివరి మెట్టు మాత్రమే.

తల్లిదండ్రులకు ఒక మాట. సివిల్ అంటే ఎండలో పని, ఆడపిల్లలకు తగదని అనుకోకండి. ఇల్లు కొలవడానికి వెళ్ళిన వాల్యుయర్ ఆ ఇంటి ఆడవాళ్ళతో కూడా మాట్లాడి, ఎప్పుడు కట్టారు, ఏ గది తర్వాత చేర్చారు అని తెలుసుకోవాలి. ఆ పని మన అమ్మాయిలు ఎంతో బాగా చేయగలరు. పై ఉదాహరణలోని తల్లి, చెల్లెలు పోగొట్టుకున్న 5 లక్షలు గుర్తుపెట్టుకోండి. వాళ్ళకు వాటా ఎంతో చెప్పడానికి మన మధ్య పెద్దలు ఉన్నారు. ఆ వాటా దేనిలో నుంచి తీయాలో సరిగ్గా కొలిచి చెప్పేవారు కూడా మన పిల్లల్లో నుంచి రావాలి.