అండమాన్ కొండల మీద మంచు ఎందుకు పడదు?

తెలుగులో 'మంచు' అనే ఒక్క మాటతో చాలా పనులు నడిపించేస్తాం. తెల్లవారుజామున గడ్డిపరక మీద నిలిచే నీటిబొట్టు మంచే. రోడ్డు కనిపించకుండా కప్పేసే పొగమంచూ మంచే. గుల్మార్గ్‌లోనో ఔలీలోనో జనం స్కీయింగ్ చేసే తెల్లని హిమమూ మంచే. అందుకే "అండమాన్‌లో కూడా పెద్ద కొండలున్నాయి కదా, అక్కడ మంచు ఉంటుందా?" అని ఎవరైనా అడిగితే, ముందు "ఏ మంచు?" అని తిరిగి అడగాలి. ఒక మంచు అక్కడ తరచూ కనిపిస్తుంది. మరొకటి ఎన్నటికీ పడదు. రెండింటికీ కారణం గాలి ప్రవర్తనే.

ద్వీపాల్లో ఎత్తైన కొండ

అండమాన్ నికోబార్ దీవుల్లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం శాడిల్ పీక్. ఎత్తు 732 మీటర్లు. ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ సమీపాన, అదే పేరున్న జాతీయ ఉద్యానవనంలో ఉంది. కల్పాంగ్ నది ఈ కొండల్లోనే పుడుతుంది. లామియా బే దగ్గర మొదలయ్యే కాలిబాట కొంత దూరం సముద్రపు ఒడ్డునే సాగి, ఆ తర్వాత దట్టమైన అడవిలోకి ఎక్కుతుంది. శిఖరం దాకా సుమారు 8 కిలోమీటర్లు. ఎక్కాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

రాజధాని శ్రీ విజయపురానికి (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) ఎదురుగా మౌంట్ హ్యారియెట్ ఉంది. 2021లో దీనికి మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. 1891 ఆంగ్లో-మణిపూర్ యుద్ధం తర్వాత ప్రవాసశిక్ష పడిన మణిపూర్ యోధుల గౌరవార్థం పెట్టిన పేరది. దీని ఎత్తు 400 మీటర్ల లోపే. అయినా బ్రిటిష్ చీఫ్ కమిషనర్లు దీన్ని వేసవి విడిదిగా వాడుకున్నారు. రోగులకు ఆరోగ్యకేంద్రంగా పనికొస్తుందేమో చూద్దామని 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో ఈ కొండ ఎక్కాడు. చీకటి పడ్డాక కిందికి దిగి, పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అఫ్రిదీ అనే ఖైదీ అతన్ని పొడిచి చంపాడు. చరిత్ర పుస్తకాల్లో మిగిలింది ఆ హత్యే. మేయో మనసులోని ప్రశ్న మాత్రం భౌతికశాస్త్రానికి సంబంధించింది: ఇంత చిన్న కొండ ఎంత చల్లదనం ఇవ్వగలదు?

పైకి వెళ్తే చలి ఎందుకు?

కొండ ఎక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా, వేడి పెరగాలి కదా అని పిల్లలు అడుగుతుంటారు. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అందులో ఒక కిలోమీటరు తగ్గినా తేడా ఏమీ ఉండదు. పైగా గాలి ఎక్కువగా వేడెక్కేది నేరుగా ఎండ వల్ల కాదు, ఎండకు కాగిన నేల నుంచి, నీటి నుంచి.

అలా వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. పైన పీడనం తక్కువ కాబట్టి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించాలంటే చుట్టూ ఉన్న గాలిని పక్కకు నెట్టాలి. ఆ పనికి కావలసిన శక్తిని తన లోపలి వేడి నుంచే ఖర్చు చేస్తుంది, కాబట్టి చల్లబడుతుంది. సైకిల్ పంపు కొట్టేటప్పుడు గొట్టం అడుగు వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. ఇది దానికి తలకిందులు. తేమ ఆవిరిగానే ఉన్నంతవరకు, పైకి లేచే గాలి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ చల్లబడుతుంది. ఆవిరి నీటిబిందువులుగా మారడం మొదలైతే దాగిన వేడి బయటపడి ఆ రేటు తగ్గుతుంది. మొత్తం మీద వాతావరణానికి సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీలు అని లెక్క వేస్తారు.

ఇప్పుడు లెక్క మనమే వేద్దాం. ఒడ్డున 30 డిగ్రీలుంటే, శాడిల్ పీక్ మీద 0.732 × 6.5, అంటే 4.8 డిగ్రీలు తగ్గి, దాదాపు 25 డిగ్రీలుంటుంది. 400 మీటర్ల కొండ మీద తగ్గేది 2.6 డిగ్రీలు. మేయో ప్రశ్నకు జవాబు ఇదే. కొండ మీది గాలి కాస్త హాయినిస్తుంది, అంతకు మించి కాదు. మరి సున్నా డిగ్రీలకు చేరాలంటే? 30ని 6.5తో భాగించండి. 4.6 కిలోమీటర్లు వస్తుంది. ఉష్ణమండలంలో తేమ వల్ల గాలి ఇంకా నెమ్మదిగా చల్లబడుతుంది కాబట్టి, సున్నా డిగ్రీల మట్టం సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. శాడిల్ పీక్ మీద హిమం పడాలంటే అలాంటి కొండలు ఆరేడు ఒకదాని మీద ఒకటి పేర్చాలన్నమాట!

లంబసింగి సంగతేమిటి?

ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక సందేహం రావాలి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి ఎత్తు సుమారు 1,000 మీటర్లే. శాడిల్ పీక్ కంటే మూడు వందల మీటర్లు ఎక్కువ, అంటే రెండు డిగ్రీల తేడా. అయినా చలికాలం రాత్రుల్లో అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి వెళ్తుందని వార్తలొస్తాయి. ఎలా?

ఇందులో ఎత్తు కంటే నేల పాత్రే పెద్దది. పొడిగా, మబ్బుల్లేకుండా ఉన్న రాత్రి నేల తన వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి పంపేస్తుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి లోయలో నీళ్లలా నిలుస్తుంది. అండమాన్‌లో ఈ రెండూ కుదరవు. నీటి ఆవిరి, మబ్బులు దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతాయి. చుట్టూ ఉన్న సముద్రం రాత్రి కూడా పెద్దగా చల్లబడదు. శాడిల్ పీక్ దాదాపు చెన్నై అక్షాంశంలోనే ఉంది. ఏడాది పొడవునా అక్కడ పగటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. అన్నట్టు, లంబసింగిలో చూసేది కూడా ఎక్కువగా పొగమంచు, అప్పుడప్పుడు గడ్డి మీద గడ్డకట్టిన తుషారం. ఆకాశం నుంచి రాలే హిమం కాదు.

శాడిల్ పీక్ సొంత మంచు

అయితే అండమాన్ కొండకూ తనదైన మంచు ఉంది. దాని ఎత్తును కూడా లెక్క కట్టవచ్చు. గాలి ఉష్ణోగ్రతకూ, అందులోని ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రతకూ (మంచుబిందు ఉష్ణోగ్రత) మధ్య తేడాను 125తో గుణిస్తే, మబ్బు అడుగు ఎన్ని మీటర్ల ఎత్తున ఉంటుందో సుమారుగా తెలుస్తుంది. ఒడ్డున 29 డిగ్రీలు, మంచుబిందు 25 డిగ్రీలు అనుకుందాం. తేడా 4. మబ్బు 500 మీటర్ల దగ్గర మొదలవుతుంది. అంటే అలాంటి రోజున మౌంట్ మణిపూర్ మబ్బు కిందే ఉంటుంది, శాడిల్ పీక్ తల మబ్బులో మునుగుతుంది. కింద నుంచి చూసేవారికి అది మబ్బు. పైన నిలబడ్డవారికి పొగమంచు.

ఎక్కేవారికి ఇందులో ఒక హెచ్చరిక ఉంది. మన ఒంటికి ఉన్న కూలర్ చెమటే. ఇంట్లో కూలర్ మే నెలలో హైదరాబాద్‌లో పనిచేసినట్టు విశాఖలో పనిచేయదు, ఎందుకంటే తేమ నిండిన గాలిలో నీరు సరిగా ఆవిరి కాదు. కొండ మీద 25 డిగ్రీలే కదా అని నీళ్లు తక్కువ తీసుకెళ్తే ఇబ్బంది తప్పదు. చెమట ధారగా కారుతుంది, ఒంటిని మాత్రం చల్లబరచదు. ఉదయాన్నే బయలుదేరడం, సరిపడా నీళ్లు, కాస్త ఉప్పు కలిసిన పానీయం వెంట ఉంచుకోవడం మంచిది.

కొండకు పైన చోటు లేదు

ఉష్ణమండలంలో స్కీయింగ్ పూర్తిగా కుదరని పనేమీ కాదు. బొలీవియాలో చకల్తాయా అనే చోట, 5,300 మీటర్లకు పైన, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా ఎత్తైన స్కీ కేంద్రం ఉండేది. దానికి ఆధారమైన హిమానీనదం 2009 నాటికి పూర్తిగా కరిగిపోయింది. ఇక ఏడాది పొడవునా మంచు కావాలంటే నాలుగు గోడల మధ్య కరెంటుతో తయారు చేసుకోవడమే. 2004లో హైదరాబాద్‌లో తెరిచిన స్నో వరల్డ్ చేసేది అదే.

శాడిల్ పీక్‌కు కరగడానికి హిమం లేదు. కానీ ఇదే లెక్క దానికీ వర్తిస్తుంది. కిలోమీటరుకు 6.5 డిగ్రీలంటే, ఒక డిగ్రీకి సుమారు 150 మీటర్లు. భూమి ఒక డిగ్రీ వేడెక్కితే, చల్లదనాన్ని వెతుక్కునే మొక్కలు, జీవులు 150 మీటర్లు పైకి జరగాలి. హిమాలయాల్లో అలా జరగడానికి ఇంకా ఎత్తు ఉంది. 732 మీటర్ల కొండ శిఖరాన, మబ్బు తడిలో పొట్టిగా పెరిగే అడవికి పైన మిగిలింది ఆకాశమే. పక్క కొండకు వెళ్దామంటే మధ్యలో సముద్రం.

మీరే కొలిచి చూడండి

శ్రీకాకుళం, విశాఖల నుంచి వెళ్లి తరతరాలుగా అండమాన్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి పిల్లలకైనా, ఇక్కడి నుంచి వెళ్లే పర్యాటకులకైనా ఇదొక మంచి ప్రయోగం. ఒక మామూలు థర్మామీటర్ తీసుకెళ్లండి. ఒడ్డున నీడలో ఒకసారి, శిఖరం మీద నీడలో ఒకసారి కొలవండి. ఫోన్‌లో పీడనం కొలిచే సెన్సర్ ఉంటే అదీ చూడండి. దాదాపు ప్రతి 9 మీటర్లకు ఒక మిల్లీబార్ చొప్పున తగ్గుతుంది. ఉష్ణోగ్రత తేడా 4.8 కంటే తక్కువ వస్తే కంగారు పడకండి. దారిలో మబ్బు కమ్మిందేమో గుర్తు చేసుకోండి. ఆ తక్కువైన వేడిలో కొంత, ఆవిరి నీరయ్యేటప్పుడు గాలికి తిరిగి ఇచ్చినదే.