కదలికల కూర్పు: కంప్యూటర్ యానిమేషన్‌లో ఖండికల పద్ధతి

కూచిపూడి నేర్చుకొనే పిల్లలకు గురువు మొదటి రోజునే పూర్తి నాట్యాంశం చెప్పరు. ముందు ఒక్కొక్క అడవును విడిగా, మూడు కాలాలలోనూ సాధన చేయిస్తారు. తరువాత ఆ అడవులను తాళానికి ఒదిగేటట్లు వరుసగా పేర్చి జతి కూరుస్తారు. ఒకే అడవు ఒక జతిలో ఆరంభాన, మరొక జతిలో ముగింపున రావచ్చును. అడవు మారదు; దాని స్థానము, వేగము, ఇరుగుపొరుగు మారుతాయి. కంప్యూటర్ యానిమేషన్‌లో ‘నాన్‌లీనియర్’ పద్ధతి సారాంశం కూడా ఇదే.

వరుస పద్ధతి, ఖండికల పద్ధతి

యానిమేషన్‌లో చిరకాలంగా ఉన్నది కీ ఫ్రేముల విధానం. చిత్రకారుడు కొన్ని క్షణాలలో బొమ్మ భంగిమను నిర్ణయిస్తాడు. మధ్యనున్న భంగిమలను కంప్యూటర్ పూరిస్తుంది. పాత్ర మరి రెండడుగులు నడవాలని దర్శకుడు కోరితే, ఆ తరువాతి భంగిమలన్నింటినీ జరపవలసి వస్తుంది. వీడియో టేపు మీద కూర్పు చేసిన రోజుల్లోనూ ఇదే ఇబ్బంది. నడుమ ఒక దృశ్యం నిడివి మారితే, తరువాతి భాగమంతా తిరిగి ఎక్కించవలసి వచ్చేది.

సినిమా కూర్పులో ఈ చిక్కును విప్పిన యంత్రాలలో ముఖ్యమైనది మసాచుసెట్స్‌కు చెందిన ఎవిడ్ సంస్థ 1989లో తెచ్చినది. ‘ది ఇంగ్లీష్ పేషెంట్’ చిత్రాన్ని అటువంటి యంత్రం మీద కూర్చిన వాల్టర్ మర్చ్‌కు 1997లో ఆస్కార్ లభించింది. 1998లో ఎవిడ్ సంస్థ, యానిమేషన్ సాధనాలను తయారుచేసే సాఫ్టిమేజ్‌ను మైక్రోసాఫ్ట్ నుండి కొన్నది. 2000లో వెలువడిన సాఫ్టిమేజ్ ఎక్స్‌ఎస్‌ఐలో కదలికలను ఖండికలుగా కలిపే ‘మిక్సర్’ చేరింది. మాయా అనే సాధనంలోని ‘ట్రాక్స్ ఎడిటర్’ పని కూడా ఇదే. ఉచితంగా లభించే బ్లెండర్‌లోనూ నేడు ఈ సౌకర్యం ఉన్నది.

ఖండిక అంటే ఏమిటి?

‘క్లిప్’ అనే మాటకు ఇక్కడ ఖండిక అని వాడుక. ఖండికలో కదలిక నేరుగా ఉండదు. మూల కదలికలో ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఎంత వేగంతో, ఎన్నిసార్లు, ఎంత పాలు అనే సూచనలు మాత్రమే ఉంటాయి. అందువలన ఎన్ని మార్పులు చేసినా మూలం చెక్కుచెదరదు.

ఈ ఏర్పాటు అవసరమేమిటో ఒక లెక్క చెబుతుంది. పిట్స్‌బర్గ్ అనగానే తెలుగువారికి వేంకటేశ్వరుని ఆలయం తలపునకు వస్తుంది. ఆ నగరంలోనే ఉన్న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం మనుషుల నడక, పరుగు, గెంతు, నృత్యం మొదలైన కదలికలను నమోదు చేసి, రెండు వేలకు పైగా ఖండాలను అందరికీ ఉచితంగా అందించింది. మనిషి ఒంటి మీద 41 గుర్తులు అతికించి, 12 పరారుణ కెమెరాలతో సెకనుకు 120 మార్లు వాటి స్థానాలను కొలుస్తారు. ఒక్కొక్క స్థానానికి మూడు అంకెలు కావాలి. అంటే సెకనుకు 41 × 3 × 120 = 14,760 అంకెలు. వీటిని ఒక్కొక్కటిగా చేత్తో దిద్దడం అసాధ్యం. ఖండికలుగా పట్టుకొనడమే మార్గం.

కలిపేటప్పుడు వచ్చే చిక్కులు

నడక నుండి పరుగులోకి 12 ఫ్రేములలో మారాలనుకొందాం. నడక పాలు 1 నుండి 0కి తగ్గుతుంది. పరుగు పాలు 0 నుండి 1కి పెరుగుతుంది. మూడు ఫ్రేములు గడిచేసరికి పాళ్ళు 0.75, 0.25. అప్పుడు మోకాలి వంపు నడకలో 20 డిగ్రీలు, పరుగులో 60 డిగ్రీలు అయితే, ఫలితం 15 + 15 = 30 డిగ్రీలు.

రెండు ద్రావణాలను కలిపినంత తేలికగా కనిపించే ఈ లెక్కలో మూడు ఉచ్చులున్నాయి. మొదటిది కోణాలది. తల ఒక ఖండికలో 350 డిగ్రీలు, మరొకదానిలో 10 డిగ్రీలు తిరిగి ఉంటే సగటు 180. ముందుకు చూడవలసిన తల వీపు వైపు తిరుగుతుంది! రావలసిన జవాబు సున్న. అందుకే హామిల్టన్ 1843లో కనుగొన్న క్వాటర్నియన్లను యానిమేషన్‌కు వాడే మార్గాన్ని కెన్ షూమేక్ 1985లో చూపాడు.

రెండవది అడుగులది. ఒక ఖండికలో ఎడమ పాదం నేలను తాకే క్షణాన రెండవదానిలో కుడి పాదం తాకుతుంటే, మిశ్రమంలో ఏ పాదమూ సరిగా ఆనదు. బొమ్మ మంచు మీద జారినట్లుంటుంది. ఎడమ అడుగును ఎడమ అడుగుతో జతపరచిన పిదపనే కలపాలి. మూడవది వేగానిది. నడకను రెట్టింపు వేగంతో నడిపితే పరుగు రాదు. నడకలో ఎప్పుడూ ఒక పాదమైనా నేల మీద ఉంటుంది. పరుగులో రెండూ గాలిలో ఉండే క్షణం ఉన్నది.

మన పిల్లలకు దీనితో పనేమి?

గురువుల నాట్యాన్ని ఈ రీతిలో నమోదు చేస్తే, సముద్రం ఇవతల పెరిగే పిల్లలు ఒక అడవును ఏ దిక్కు నుండైనా, ఎంత నెమ్మదిగానైనా చూడగలరు. అది గొప్ప లాభమే. అయితే 41 గుర్తులతో వ్రేళ్ళ విన్యాసము, కంటి చూపు పూర్తిగా నమోదు కావు; హస్తము, దృష్టి లేని అభినయం అసంపూర్ణం. అంతకన్న ముఖ్యమైన జాగ్రత్త ఒకటి ఉన్నది. పతాకాన్నీ ముష్టినీ సగం సగం కలిపితే మూడవ హస్తం పుట్టదు. అర్థంలేని చేయి మిగులుతుంది. రెండు ఒప్పుల సగటు ఒప్పు కానక్కరలేదు. కంప్యూటర్ ఆ తప్పును ఎంతో నునుపుగా చూపుతుంది గనుక, చూచేవారికి అది సంప్రదాయమేనన్న భ్రమ కలుగుతుంది.

కాబట్టి ఇటువంటి పనికి పూనుకొనేవారు మూల నమోదును మార్చకుండా భద్రపరచాలి. ఏ ఖండిక గురువు చేసినది, ఏది యంత్రం కలిపినది అన్న వివరాన్ని వెంట వ్రాసి ఉంచాలి. కుదిరిన కూర్పును గురువుకు చూపి, ఆమోదం పొందాలి. అతుకు ఎక్కడ వేయాలో యంత్రం చెప్పగలదు. అతికినది అడవేనా అన్నది తెలిసినవారే చెప్పాలి.