పాఠం 18 : డిసెంబరు కబుర్లు (ఉత్తర రచన – రెండవ భాగం)

18.1 మొదలుపెట్టే ముందు

గత పాఠంలో దరఖాస్తు, ఫిర్యాదు వంటి కార్యాలయ లేఖలు రాయడం నేర్చుకున్నారు. వాటికి ఒక చట్రం ఉంటుంది. ఆ చట్రంలో విషయం పెడితే లేఖ తయారవుతుంది. సొంత మనుషులకు రాసే ఉత్తరానికి అటువంటి చట్రం ఏదీ లేదు. అందుకే అది తేలిక అనుకుంటాం. కాని "ఇక్కడ అందరం క్షేమం, నీ క్షేమం తెలుపగలవు" అని రాశాక కలం ముందుకు సాగకపోవడం మీకూ అనుభవమే అయి ఉంటుంది.

రోజూ ఫోనులో మాట్లాడుకుంటూ ఉండగా ఉత్తరం దేనికని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఫోనులో అవతలివారు "ఎలా ఉన్నారు?" అనగానే మనం "బాగున్నాం" అనేస్తాం. ఆ మాట గాలిలో కలిసిపోతుంది. అదే మాట కాగితం మీద రాస్తే, కవరు అంటించే ముందు మనమే ఒకసారి చదువుకోవలసి వస్తుంది. ఈ పాఠంలో ఒక అక్కకు జరిగింది అదే.

ఈ పాఠం పూర్తి చేశాక, ఎన్నో సంగతులు జరిగిన నెల గురించి రాసేటప్పుడు ఏది చెప్పాలో, ఏది వదలాలో మీరు నిర్ణయించుకోగలుగుతారు. కళ్లారా చూసినదానికీ, ఇతరుల ద్వారా విన్నదానికీ తెలుగు క్రియ ఎలా తేడా చూపుతుందో గుర్తించి, వాడగలుగుతారు.

18.2 నేపథ్యం

మన పాఠంలోని కుటుంబం మెదక్ పట్టణంలో ఉంటుంది. వారు క్రైస్తవులు. మీలో కొందరికి ఈ పండుగ వివరాలు కొత్త కావచ్చు కనుక ముందుగా నాలుగు మాటలు చెప్పుకుందాం.

క్రిస్మస్ డిసెంబరు 25న వచ్చినా, దాని సందడి నాలుగు ఆదివారాల ముందే మొదలవుతుంది. ఈ రోజులను ఆగమన కాలం అంటారు. ఇళ్ల ముందు నక్షత్రాలు వెలుగుతాయి. బడులు, కార్యాలయాలు సెలవులకు ముందే "సెమీ క్రిస్మస్" జరుపుకుంటాయి. యువకులు రాత్రిపూట ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడతారు. వీరు తెల్లవారుజామున వచ్చినా తలుపు తీసి టీ ఇవ్వవలసిందే! దూరాన ఉన్న బంధువులు ఎలాగూ వస్తారు కనుక పసిపిల్లల బాప్తిస్మం, గృహప్రవేశం వంటివి కూడా చాలా కుటుంబాలు ఈ నెలకే పెట్టుకుంటాయి. కొంచెం పెద్దయిన పిల్లలకు కన్ఫర్మేషన్ జరుగుతుంది. చిన్ననాడు తల్లిదండ్రులు తమ తరఫున చెప్పిన విశ్వాసాన్ని పిల్లలు ఇప్పుడు తమ నోటితో చెబుతారు, బిషప్పుగారు వారి తలపై చేయి ఉంచి ప్రార్థిస్తారు. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ సర్వీసుతో నెల ముగుస్తుంది. ఆ రాత్రి చాలా చర్చిలలో బైబిలు వచనం రాసిన చిన్న కార్డులు పంచుతారు. వాటిని వాగ్దాన కార్డులంటారు.

మెదక్‌లో ఈ పండుగకు మరో ప్రత్యేకత ఉంది. అక్కడి పెద్ద చర్చి కట్టడం 1914లో మొదలైంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ దీన్ని కట్టించాడు. కరువు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల జనానికి ఈ పనే తిండి పెట్టిందని చెబుతారు. భవనం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చూపే మూడు రంగుటద్దాల కిటికీలున్నాయి. వాటి అందం పగటి వెలుగులో, లోపల నిలబడి చూసినవారికే తెలుస్తుంది. ఈ చర్చిని ప్రతిష్ఠించినది 1924 డిసెంబరు 25న. అంటే 2024 క్రిస్మస్ నాటికి నూరేళ్లు నిండాయి. మనం చదవబోయే ఉత్తరం ఆ నెల గురించే. (ఈ ఉత్తరాలు రెండూ ఈ పాఠం కోసం రాసినవి.)

18.3 మొదటి ఉత్తరం

మెదక్,
2–1–2025.

ప్రియమైన తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నీవు దుబాయిలో క్షేమమని తలుస్తాను. డిసెంబరు నెల చాలా హడావుడిగా గడిచింది. 1వ తేదీన ఆగమన కాలం మొదలైంది. 8వ తేదీన చిన్నాన్న మనవడికి బాప్తిస్మం. 15న మా పెద్దమ్మాయి కన్ఫర్మేషన్ అయింది. 18న బడిలో సెమీ క్రిస్మస్. 22 రాత్రి క్యారల్స్ వాళ్లు వచ్చారు. 24న హైదరాబాదు నుంచి అత్తయ్య వాళ్లు వచ్చారు. 25న పెద్ద చర్చిలో ఆరాధన చాలా బాగా జరిగింది. జనం ఇసుక వేస్తే రాలనంత ఉన్నారు. 26న డ్రైవర్ చాచా వచ్చాడు. 31న వాచ్‌నైట్ సర్వీసు. అమ్మ బాగుంది. నీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
అక్క

ఇప్పుడు పుస్తకం మూసి, ఈ ఉత్తరంలో మీకు గుర్తున్న సంగతులు మీ నోటు పుస్తకంలో రాయండి. మూడు నాలుగు కంటే ఎక్కువ గుర్తులేకపోతే తప్పు మీది కాదు. ఇందులో భాషా దోషం ఒక్కటీ లేదు. పరీక్షలో మార్కులు కూడా బాగానే వస్తాయి. అయినా అక్క దీన్ని పంపలేదు.

18.4 రెండవ ఉత్తరం

మెదక్,
3–1–2025.

తమ్మీ,

నిన్న నీకు ఒక ఉత్తరం రాసి చింపేశాను. అందులో తేదీలన్నీ సరిగానే ఉన్నాయి. ఒక్క సంగతి మాత్రం అబద్ధం రాశాను.

పండుగ రోజు నేను చర్చికి పోలేదు. అమ్మ రానన్నది. మోకాలు నొప్పి అన్నది. అదే మోకాలితో చిన్నాన్న మనవడి బాప్తిస్మానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి వడ్డించింది. అందుకే అది మోకాలు కాదని నాకు తెలుసు. ఆగస్టులో బాపు పోయాక ఇదే మొదటి క్రిస్మస్ కదా. అమ్మను ఒక్కదాన్ని వదలలేక నేనూ ఉండిపోయాను.

చర్చికి నూరేండ్లు నిండిన రోజు. ఇసుక వేస్తే రాలనంత జనం ఉన్నారట. లోపల చోటు దొరక్క మీ బావ, పిల్లలు బయట చెట్టు కిందనే నిలబడ్డారట. మైకులో పాటలు మన ఇంటి దాకా వినిపించాయి. అది మాత్రం నేను విన్నాను. అమ్మ పొయ్యి ముందర కూర్చొని విన్నది. పొయ్యి వెలిగించలేదు.

ఈసారి మనం నక్షత్రం కట్టలేదు. నీకు గుర్తుందా, డిసెంబరు మొదటి ఆదివారం బాపు డ్యూటీ దిగి వచ్చి, ఖాకీ చొక్కా విప్పకముందే వెదురు బద్దలు ముందేసుకునేవాడు. పోయినేడు కట్టిన బద్దలు అటక మీదనే ఉన్నాయి. వాటి మాట ఎవరమూ ఎత్తలేదు. 22 రాత్రి ఒంటిగంటకు క్యారల్స్ పిల్లలు వచ్చారు. నక్షత్రం లేని ఇల్లు చూసి మనది కాదనుకొని ముందుకు పోయారు. మలుపు దాకా పోయి, ఎవరో చెబితే వెనక్కి వచ్చి పాడారు. అమ్మ వాళ్లకు టీ పోసింది, కానుక ఇచ్చింది. ఏమీ అనలేదు.

24న అత్తయ్య వాళ్లు తొమ్మిదిమంది దిగారు. గారెలు, అరిసెలు, గులాబీ పువ్వులు, అందరికీ పడకలు. ఆ పనిలో పడి ఏడవడానికి తీరిక దొరకలేదు. పెద్దదాని కన్ఫర్మేషన్‌కు తెల్ల చీర కావాలని జూన్‌లోనే బాపు పింఛను డబ్బుతో తెచ్చిపెట్టాడు. అదే కట్టుకున్నది. ఫొటో పెడుతున్నాను, చూడు, అచ్చం నీ నుదురే.

26న డ్రైవర్ చాచా వచ్చాడు. ఎప్పటిలాగే మధ్యాహ్నం పూట, ఎప్పటిలాగే చేతిలో మిఠాయి పొట్లం. బాపు లేడు కదా, ఈసారి రాడేమో అనుకున్నాను. గుమ్మంలో ఆగి పైకి చూసి, "నక్షత్రం ఏది వదినా?" అన్నాడు. అమ్మ బదులు చెప్పలేదు. చాచా చెప్పులు విడిచి, నిచ్చెన వేసుకొని అటక ఎక్కాడు. ఆయన మోకాళ్లు మాత్రం బాగున్నాయా! బద్దలు దించి దుమ్ము తుడిచాడు. నేను పోయి రంగు కాగితం తెచ్చాను. "పండుగ అయిపోయింది కదా చాచా" అంటే, "మీ బాపు జనవరి ఆరు దాకా తీసేవాడు కాదు. ఇరవై ఏండ్ల నుంచి చూస్తున్న, నాకు లెక్క తెల్వదా" అన్నాడు.

కట్టడమైతే కట్టాడు గాని ఒక కొస కిందికి వాలింది. చీకటి పడ్డాక బల్బు వేస్తే అమ్మ బయటికి వచ్చింది. చాలాసేపు చూసింది. "ఆ కొస కొంచెం లాగి కట్టు అన్నా. ఆయనైతే ఒప్పుకోకపోవు" అన్నది. ఆగస్టు తరువాత అమ్మ నోట బాపు మాట రావడం అదే మొదలు. ఆ రాత్రి అందరికీ తనే వండింది.

31 రాత్రి చర్చికి వచ్చింది. వెనక వరుసలో నా పక్కనే కూర్చున్నది. వాగ్దాన కార్డులు రెండు తీసుకున్నది. రెండోది నీకట. ఇందులో పెడుతున్నాను.

ఏప్రిల్‌లో సెలవు దొరికితే రా. దొరకకుంటే, ఫోనులో అమ్మను బాగున్నావా అని అడగకు, బాగున్నాననే అంటుంది. నక్షత్రం బద్దలు ఎక్కడ దాచావని అడుగు.

నీ అక్క

18.5 చదివాక

రెండు ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టుకొని ఒకే వాక్యాన్ని చూడండి.

"జనం ఇసుక వేస్తే రాలనంత ఉన్నారు."
"ఇసుక వేస్తే రాలనంత జనం ఉన్నారట."

రెండోదానిలో చివర "అట" చేరింది. ఇంత చిన్న మాటతో ఉత్తరం మారిపోయింది. తెలుగులో "ఉన్నారు" అంటే చెప్పేవారు స్వయంగా చూశారని వినేవారు అనుకుంటారు. "ఉన్నారట" అంటే ఇంకెవరో చెప్పగా విన్నారని అర్థం. మొదటి ఉత్తరంలో అక్క "నేను చర్చికి పోయాను" అని ఎక్కడా రాయలేదు. అయినా "అట" వదిలేయడం వల్ల, తాను అక్కడ ఉన్నట్టు తమ్ముడిని నమ్మించినట్లయింది. ఆమె "అబద్ధం రాశాను" అన్నది దీన్నే. "అమ్మ బాగుంది" అన్నది కూడా కలుపుకోవచ్చునేమో, మీరే ఆలోచించండి.

"అట" మాటల్లో చాలాసార్లు "ట"గానే వినిపిస్తుంది: వచ్చాడట, లేదట, ఎవరట? రాసేటప్పుడు క్రియకు కలిపి రాయాలి. ఇంకొక సంగతి. దీనికి అనుమానపు ఛాయ కూడా ఉంది. "ఆయనకు జ్వరమట!" అన్నప్పుడు గొంతును బట్టి "నేను నమ్మను" అనే అర్థం రావచ్చు. ఉత్తరంలో గొంతు వినిపించదు కనుక ఈ వాడుకలో జాగ్రత్త అవసరం. అక్క ఉత్తరంలో "రెండోది నీకట" అన్నచోట అనుమానం లేదు. అది అమ్మ మాటను యథాతథంగా అందించడం.

ఇక తేదీల సంగతి. మొదటి ఉత్తరంలో తొమ్మిది తేదీలున్నాయి. రెండోదానిలో 18వ తేదీ సెమీ క్రిస్మస్ అసలే లేదు, బాప్తిస్మం ఒక్క వాక్యంలో వెళ్లిపోయింది, 26వ తేదీకి మాత్రం రెండు పేరాలు దక్కాయి. క్యాలెండరు ప్రకారం 25 పెద్ద రోజు. ఆ ఇంటికి 26 పెద్ద రోజు. ఇది ఏ వ్యాకరణ పుస్తకమూ చెప్పలేదు, రాసేవారే తేల్చుకోవాలి.

"బాపు", "పోయినేడు", "నాకు లెక్క తెల్వదా" వంటి మాటలను మేము దిద్దలేదు. దరఖాస్తులో "తెలియదా" అనే రాయాలి. చాచా నోట ఆ మాట పెడితే ఆయన చాచా కాకుండా పోతాడు.

జనవరి 6 గురించి ఒక వివరణ. క్రిస్మస్ తరువాత పన్నెండు రోజులు గడిచి వచ్చే ఈ రోజున, నక్షత్రాన్ని చూసుకుంటూ తూర్పు దేశపు జ్ఞానులు శిశువు దగ్గరకు చేరడాన్ని క్రైస్తవులు స్మరిస్తారు. ఇంగ్లీషులో దీన్ని ఎపిఫనీ అంటారు. దోర్నకల్‌లోని పెద్ద చర్చికి ఈ పేరే ఉంది, దాన్ని ప్రతిష్ఠించినది కూడా 1939 జనవరి 6ననే. కాబట్టి 26న నక్షత్రం కట్టడం ఆలస్యమేమీ కాదు. చాచా లెక్క సరైనదే.

18.6 పదాలు

బాప్తిస్మం : నీటితో ఇచ్చే సంస్కారం. కథోలిక కుటుంబాలు జ్ఞానస్నానం అంటాయి. ఎవరికి రాస్తున్నారో వారి ఇంటి మాట వాడడం మర్యాద.
కానుక : ఇక్కడ, చర్చికి లేదా పాటలు పాడేవారికి ఇచ్చే డబ్బు.
అటక : ఇంటి లోపల పైన సామాను పెట్టుకునే చోటు.
పోయినేడు : కిందటి సంవత్సరం.
ఒప్పుకోకపోవు : ఒప్పుకునేవాడు కాదు.

18.7 అభ్యాసం

1. కింది వాక్యాలు మీరు స్వయంగా చూడలేదనుకొని తిరిగి రాయండి.
అ) చెల్లెలి పెళ్లికి మూడు వందలమంది వచ్చారు.
ఆ) తాతయ్య ఈసారి ముగ్గు దగ్గరే కూర్చున్నాడు.
ఇ) నాన్న జీతం ఇంకా రాలేదు.

2. క్యారల్స్ పిల్లలు ముందుకు వెళ్లిపోవడానికి కారణమేమిటి? ఆ సంగతి అక్క ఎందుకు రాసి ఉంటుంది?

3. మీ ఇంట్లో బాగా సందడిగా గడిచిన ఒక నెలను తీసుకోండి. సంక్రాంతి కావచ్చు, రంజాన్ కావచ్చు, బతుకమ్మ కావచ్చు. ఆ రోజుల్లో ఇంటికి రాలేకపోయిన ఒకరికి ఇరవై వాక్యాలకు మించకుండా ఉత్తరం రాయండి. ముందుగా తేదీల పట్టిక ఒకటి వేసుకొని, అందులో సగం కొట్టివేయండి. ఉత్తరంలో "బాగున్నారు" అనే మాట వాడకూడదు.

జవాబులకు సూచనలు

1. అ) వచ్చారట. ఆ) కూర్చున్నాడట. ఇ) రాలేదట.
2. నక్షత్రం లేకపోవడంతో ఆ ఇల్లు తాము పాడవలసినది కాదనుకున్నారు. రెండవ భాగానికి జవాబు మీ సొంత మాటల్లో ఉండాలి. "అమ్మ ఏమీ అనలేదు" అన్న వాక్యాన్ని మరొకసారి చదివి రాయండి.
3. మీ ఉత్తరాన్ని సంపర్క తరగతిలో చూపించండి. అయితే అది నిజంగా ఒకరికి రాసినదైతే, ముందు వారికి పంపి, నకలు మాత్రమే తీసుకురండి.